మీటరు స్థిరపడేదాకా

రిఫరెన్స్ మీటరు స్విచ్ నొక్కింది జెస్సికానే. ఆమె నొక్కుతున్నప్పుడు మోయిజ్ కిటికీ దగ్గర నిలబడి, టేకు ఆకుల మీద పడుతున్న వానను చూస్తున్నట్టు నటించాడు. నటన అని జెస్సికాకు తెలుసు. ఆమెకు తెలుసన్న సంగతి అతనికీ తెలుసు. బల్ల మీద మీటరులోని చిన్న ఫ్యాను తిరగడం మొదలైంది, తెర మీద అంకెలు వెలిగి, ఆరి, మళ్లీ వెలిగాయి. "గంట పడ్తది అన్నా, ఇది సెటిల్ అయ్యేసరికి," అంది జెస్సికా, ఆ సంగతి అతనికి కొత్తగా చెబుతున్నట్టు. ఆమె మీటర్లు పరీక్షించే ల్యాబులో చేరిన కొత్తలో ఆ మాట చెప్పింది అతనే. ఏసీ బండిలోంచి దించిన మీటరును ఈ చెమ్మగాలిలో పెట్టగానే నమ్మకూడదు, దాని లోపలి సరుకంతా వేడెక్కి ఒక తీరుకు రావాలి, అప్పటిదాకా అది చూపే అంకె అంకె కాదు, అని. మిగతా మీటర్ల తప్పొప్పులు తేల్చే మీటరు ఇది. ఇదే తొందరపడితే ఇక తేల్చేదెవరు? ఇప్పుడా మాటను జెస్సికా అతనికే తిప్పి చెప్పిందంటే, కూర్చో అన్నా, ఇంకా చాలా టైముంది, ఎవరూ నిన్ను తరమడం లేదు, అనడానికి. నేలకొండపల్లి పిల్ల, మాట తక్కువ. చెప్పాల్సింది ఏదైనా ఇలా పనిలో కలిపి చెబుతుంది.

అతను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా గోడకు ఆనించి పంపు ప్యానెల్, నిలువెత్తు ఇనుప బీరువాలా, బూడిదరంగు. దాని నుదుట చిన్న మీటరు. ఇవాళ తేల్చాల్సింది ఆ మీటరు సంగతే. గోదావరి నీళ్లు ఎత్తి అడవి అంచు ఊళ్లకు పంపే పంపుహౌస్ ఇది. భద్రాచలం దాటాక రోడ్డు సన్నబడి, పామాయిల్ తోటలు అయిపోయి, టేకూ ఇప్పా మొదలయ్యే చోట ఉంది. ఎండాకాలంలో ఒక మోటారు కాలిపోయింది. కొత్తది వచ్చేదాకా ఊళ్లలో ఆడవాళ్లు చెలమల దగ్గర కూర్చున్నారట. మోటారును ఎక్కువ లోడు మీద నడిపి కాల్చావని పై ఆఫీసరు ఒకాయన ఆపరేటరు రూప్లా మీద పడ్డాడు. మీటరు చూసే నడిపిన సార్ అంటాడు రూప్లా, అది ఎర్రగీత దాటలే సార్ అంటాడు. అన్న మాటే అంటూ, పొద్దున వాళ్ల బండి ఆగగానే మళ్లీ అన్నాడు, జెస్సికాతో ఒకసారి, మోయిజ్‌తో ఒకసారి. ఇప్పుడు వసారాలో కూర్చుని ఫోనులో తన భార్య సక్రితో లంబాడీలో ఏదో గొణుగుతున్నాడు. మాటలు తెలియకపోయినా గొంతు తెలుస్తూనే ఉంది. వచ్చిన్రు, చూస్తున్నరు, ఏం చెప్తరో, అని ఆ గొంతు.

ఏం చెప్తరో. నిజంగానే, ఏం చెబుతాం. అంకెలు చెబుతాయి మనమేం చెప్పం, అని అదివరకు అయితే మోయిజ్ నవ్వి ఉండేవాడు. అదివరకటి మోయిజ్ ఇలాంటి గదుల్లోకి ఈల వేసుకుంటూ వచ్చేవాడు. సత్తుపల్లి బొగ్గు గనుల దగ్గర, మధిర జిన్నింగు మిల్లుల్లో, ఎక్కడికి వెళ్లినా ముందు ప్యానెల్ తలుపు మీద అరచేత్తో ఒకసారి తట్టేవాడు, గేదెను పలకరించినట్టు. ఇప్పుడా అరచెయ్యి ఒళ్లో ఉంది. కుడిచెయ్యి. చర్మం రెండు రంగులు, మణికట్టు దగ్గర తొడ మీది చర్మం, నున్నగా, వెంట్రుక లేకుండా. చిటికెన వేలికీ దాని పక్కదానికీ వేడి తెలియదు, చల్లన తెలియదు. టీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకోవడం అలవాటైంది. ఫ్యాను సన్నగా రొద పెడుతూనే ఉంది. వాన చప్పుడులో అది వినపడకూడదు, కానీ వినపడుతోంది, ఆ చప్పుడు వినడానికే పుట్టినట్టు చెవి దాన్నే ఏరుకుంటోంది. ఇది ఫ్యాను, అని చెప్పుకున్నాడు, ఫ్యాను తప్ప ఇంకేం కాదు.

ఆ రోజు కూడా ఒక రొద. ముందు రొద, తర్వాత వెలుగు. ఆ వెలుగుకు రంగు లేదు, అదే అతనికి ఇప్పటికీ ఆశ్చర్యం, ఎవరడిగినా తెలుపని చెబుతాడు గానీ తెలుపు కాదు. ఏదో ఫ్యాక్టరీ సబ్‌స్టేషన్, పని అయిపోయింది, తీగలు విప్పుతున్నాడు, టీ తాగి బయల్దేరాలి. అవతలి గదిలో ఎవరో, ఎవరో ఏంది, పేరు తెలుసు, ముఖం తెలుసు, ఆసుపత్రికి వచ్చి మంచం కాళ్ల దగ్గర నిలబడి ఏడ్చాడు కూడా, అతను అడగకుండా కరెంటు లైను వేశాడు. అంతే. అడగకుండా. ఒక్క మాట, అన్నా అయిపోయిందా, అనుంటే సరిపోయేది. ఆ కుర్రవాడి మీద కోపం రాలేదు. అందరూ రావాలన్నారు, కేసు పెట్టమన్నారు, కోపం కోసం లోపలంతా వెతుక్కున్నాడు గానీ అక్కడ కోపం లేదు, భయం ఉంది, గది నిండా సామాను సర్దినట్టు భయమే ఉంది. ఖమ్మం దవాఖానాలో కట్లు, తర్వాత హైదరాబాదులో చర్మం అతికించడం, తిరిగొచ్చాక ఇంట్లో వెలుగు అక్కర్లేని మనిషిలా పడుకోవడం. సాయంత్రం దీపం వెయ్యాలంటే మెహర్‌ను పిలిచేవాడు. గోడ మీది స్విచ్. పసిపిల్లలు వేసే స్విచ్. కరెంటు మీటర్ల సంగతి తేల్చేవాడు స్విచ్ వెయ్యడానికి పెళ్లాన్ని పిలుస్తున్నాడు. మెహర్ ఏనాడూ ఏందని అడగలేదు. పిండి చేతులతో వచ్చి మోచేత్తో నొక్కి పోయేది.

మెహర్. మధిర అమ్మాయి, రైలు చప్పుడుకు పుట్టి పెరిగినదాన్ని నన్నేది భయపెడుతుంది, అంటుంది. బట్టలు కుడుతుంది, ఇంటి ముందుగదిలోనే దుకాణం. వేళ్లకు కసరత్తు కావాలి, చిన్న చిన్న పుల్లలు ఏరి డబ్బాలో వెయ్యమనండి, అని డాక్టరమ్మ చెబితే, పుల్లలెందుకు మేడం మా ఇంట్లో హుక్కులున్నాయి, అంది మెహర్. రేకు డబ్బా తెచ్చి మంచం మీద గుమ్మరించింది. జాకెట్టు హుక్కులు, చీమల్లా, వందలు వందలు. ముందు ఏరడం. ఏరడం వచ్చాక కుట్టడం. "ఏంజీ, ఈ జాకెట్టు రేపు పెళ్లికూతురు వేసుకునేది. హుక్కు ఊడిందంటే నా పేరు పోతది," అని అతని ఒళ్లో పడేసి వెళ్లిపోయేది. రెండు వేళ్లకు సూది తెలియదు, గుచ్చుకున్నా తెలియదు, బట్ట మీద రక్తం చుక్క కనబడితే అప్పుడు తెలిసేది. వంకర టింకర కుట్లు. మెహర్ వాటిని విప్పేది కాదు, పైనుంచి ఇంకో వరస తను కుట్టేది, రాత్రి అతను నిద్రపోయాక. ఒకరోజు ఆ రెండో వరస అతను పట్టుకున్నాడు. ఆ మర్నాటి నుంచి కాస్త దగ్గర దగ్గరగా కుట్టాడు, చాలా రోజులకు, ఎప్పటినుంచో సరిగ్గా తెలియదు గానీ, రెండో వరస రావడం మానేసింది. వీధిలో ఏ పెళ్లికూతురికీ తెలియదు, తన జాకెట్టు హుక్కులు కుట్టింది కరెంటు మీటర్లు చూసే మోయిజ్ అని. తల్చుకుంటే ఇప్పుడూ నవ్వొస్తుంది. నవ్వాడు కూడా. జెస్సికా తల ఎత్తి చూసింది, మళ్లీ తన తీగల చుట్టల్లో పడింది, ఒక్కో తీగను వేళ్ల మధ్య లాగుతూ ఎక్కడన్నా తొడుగు చిట్లిందేమోనని చూసుకుంటూ.

ఫోను మోగింది. మెహరే.

"తిన్నవా?"

"తిన్న. నువ్వు?"

"ఇంకా లేదు. బిందె పెట్టి వచ్చిన, నల్లా వస్తోంది. అక్కడ వానా?"

"వాన. పెద్ద వాన."

"ఇక్కడ ఉక్కపోత." ఫోనులో నల్లా చప్పుడు వినపడింది. ఎట్లుంది అక్కడ, భయమైతుందా, అని అడుగుతుందేమో అనుకున్నాడు. అడగలేదు. "నజియా వాళ్లమ్మ గౌను కోసం వచ్చి కూర్చుంది. పెడ్తున్నా," అంది.

పెట్టేసింది. నజియా వాళ్లమ్మ ఎవరో అతనికి తెలుసు. ఈ వేళ ఆమె బీడీ ఆకు గోడౌనులో ఉంటుంది, దుకాణానికి రాదు. అబద్ధం. మెహర్ అబద్ధాలు అతనికి చాలా ఇష్టం, ఆమె వాటిని ఎప్పుడూ చిన్నవే ఆడుతుంది, కనిపెట్టడానికి వీలుగా ఆడుతుంది. ఒక్కటి మాత్రం పెద్దది. ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో, ముందుగదిలో కుట్టుమిషను మోటారు ఆన్ అయినప్పుడల్లా లోపల మంచం మీద అతని ఒళ్లు బిగిసిపోయేది. ఆ గుంయ్‌మనే రొద. దిండు చెవుల మీద పెట్టుకునేవాడు, పెట్టుకున్నట్టు ఎవరికీ తెలియదనుకునేవాడు. ఒకరోజు ఆ రొద ఆగిపోయింది. దాని బదులు టకటక టకటక, కాలి పలక చప్పుడు. ఏమైందని అడిగితే, "మోటారు కాలిపోయిందిలే, పాతది. తొక్కితే కాళ్లకు కసరత్తు," అంది మెహర్. రంజాను ముందు రోజుల్లో, గుట్టగా బట్టలు పడి ఉన్నప్పుడు, తెల్లవారేదాకా తొక్కింది. మోకాళ్లకు నూనె రాసుకోవడం చూశాడు. కొత్త మోటారు కొందామంటే, చూద్దాంలే, అంది. ఎన్నిసార్లన్నా చూద్దాంలే.

ఆ మోటారు మంచం కింద గుడ్డలో చుట్టి ఉండగా దొరికింది. మెహర్ సంతకు వెళ్లిన పూట. కాలిన మోటారుకు ఒక వాసన ఉంటుంది, ఎన్నేళ్లయినా పోదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే నూనె వాసన, దుమ్ము వాసన. విప్పాడు. ప్లగ్గు గోడకు లేదు కదా, ఒట్టి ఇనుమూ రాగీ. చుట్లు ఎర్రగా మెరుస్తున్నాయి. అటకమీది పాత మల్టీమీటరు దింపి చూశాడు. మోటారుకు ఏమీ కాలేదు. ఏనాడూ ఏమీ కాలేదు. అప్పుడు మంచం కోడుకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు, ఎంతసేపో. అతని కోసం ఒక మనిషి, నోరు తెరిచి ఒక్క మాట చెప్పకుండా, మోకాళ్లు అరగదీసుకుంటూ, నెలల తరబడి ఇంట్లోంచి ఒక చప్పుడును బయటికి నెట్టేసింది. దిండు సంగతి ఆమెకు తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు. మెహర్ సంత నుంచి వచ్చేసరికి మోటారును మిషనుకు బిగించి, ప్లగ్గు పెట్టకుండా, ఆ తీగను చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె గడపలో ఆగిపోయింది. సంచిలోంచి ఒక టమాటా దొర్లి మంచం కిందికి పోయింది. దగ్గరికొచ్చి, అతని చేతి మీద చెయ్యి వేసింది, ఆ నున్నటి చర్మం మీద. ఇద్దరి చేతులూ కలిసి ప్లగ్గును గోడకు పెట్టాయి. స్విచ్ మాత్రం ఆమె వెయ్యలేదు. నిలబడింది. చాలాసేపు నిలబడింది. అతనే వేశాడు. గుంయ్‌మంది. కళ్లు మూసుకున్నాడు, రొద రొదలాగే ఉంది, వెలుగు రాలేదు, ఏమీ పేలలేదు, అతని భుజానికి ఆనుకుని మెహర్ ఏడుస్తోంది, మిషను దానంతటది ఖాళీగా కుడుతూనే ఉంది.

వసారాలోంచి రూప్లా తల లోపలికి పెట్టాడు. "చాయ్ తాగుతరా సార్? పక్కనే ముత్తక్క హోటలు." వద్దన్నాడు మోయిజ్, జెస్సికా కావాలంది. రూప్లా వెళ్లలేదు. ప్యానెల్ కేసి చూసి, "సార్, నా నౌకరి పోతే పోయింది సార్," అన్నాడు. "ఊళ్లోళ్లు ముఖం మీదనే అంటున్నరు, నీళ్లు ఆపినోడు అని. మా సక్రి బోరింగు కాడికి పోవుడు బంద్ జేసింది." అని, చాయ్ కోసం వానలోకి దిగాడు, తల మీద యూరియా సంచి కప్పుకుని. మోయిజ్‌కు నాయన గుర్తొచ్చాడు. నాయన మున్వర్, ఖమ్మంలో తరాజులు బాగుచేసేవాడు, త్రాసు తిన్నగా లేదని కొట్లాడుకుంటూ వచ్చే షావుకారునీ గిరాకీనీ ఇద్దర్నీ ముందు కూర్చోబెట్టేవాడు. ఖాళీ తరాజును ఎత్తి పట్టుకునేవాడు, రెండు పళ్లాల్లో ఏమీ లేకుండా. ముల్లు ఊగి ఊగి ఆగేదాకా ఎవరూ మాట్లాడకూడదు. అంతసేపూ వాళ్లిద్దరూ ముల్లునే చూస్తూ ఉండేవాళ్లు, అది ఆగేలోపల కొట్లాట సగం చల్లారేది. ఎవరిని నమ్మాలో తెలియనప్పుడు మనుషులు ముల్లును నమ్ముతారు. అందుకే దాని సంగతి ముందు చూడాలి అనేవాడు నాయన. ఈ ప్యానెల్ మీటరును నమ్మి రూప్లా నీళ్ల వాల్వు ఇంకా ఇంకా తిప్పాడు, అది తెరుచుకున్నకొద్దీ మోటారు మీద లోడు పెరుగుతుంది. ఆ మనిషి భార్య ఇప్పుడు బోరింగు దగ్గరికి వెళ్లడం లేదు. దీని సంగతి ఎవరో ఒకరు చూడాలి. జెస్సికా చూస్తుంది. చూడగలదు, చెయ్యి తిరిగిన పిల్ల. తను ఊరికే పక్కన ఉంటే చాలు. ఆ ప్రమాదం తర్వాత ఇదే మొదటిసారి కదా, పక్కన ఉన్నా చాలునని ల్యాబులో పెద్దసారు కూడా అన్నాడు.

"అన్నా," అంది జెస్సికా. మీటరు తెర చూపించింది. ఎప్పటినుంచో చివరి అంకె కూడా కదలడం లేదు. గంట అయిపోయింది. ఆమె చేతి తొడుగులు తొడుక్కుని, ఇంకో జత బల్ల మీద, అతనికి దగ్గరగా పెట్టింది. అతని చేతికి ఇవ్వలేదు. "తీగలు నేను కడ్తా. నువ్వు సూడు, సరేనా?"

"సరే. నువ్వే కట్టు." అనగానే ఒళ్లు తేలికైంది. ఆ తేలిక అతనికి నచ్చలేదు.

పంపును పొద్దున రాగానే ఆపించారు. వానలోంచి తిరిగొచ్చిన రూప్లా చాయ్ గ్లాసులు వసారాలో పెట్టి మెయిన్ బ్రేకరు దించాడు, మోయిజ్ దానికి తన తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. అదొక్కటీ తనే చేశాడు. ఎవరూ అడగకుండా లైను వెయ్యడానికి లేదు ఇక, తాళంచెవి తన జేబులో ఉంది. జెస్సికా ప్యానెల్ తలుపు తెరిచింది. లోపలి వేడిగాలి, రబ్బరు వాసన, రంగు రంగుల తీగలు. జెస్సికా స్క్రూడ్రైవరు తీసుకుంది. బ్రేకరు దించారు, తాళం పడింది, గదిలో పంపు చప్పుడు లేదు, అంతా చచ్చి ఉంది. చచ్చి ఉన్నట్టే ఉంది. ఉన్నట్టు ఉండడం వేరు. "ఒక్కటాగు," అన్నాడు, తొడుగులు వేసుకుంటూ. కరెంటు ఉందో లేదో చూపే టెస్టరు అందుకుని, ముందు గోడ మీది ప్లగ్గులో పెట్టి చూశాడు. దీపం వెలిగింది, టెస్టరు పనిచేస్తోంది. ఇప్పుడు ప్యానెల్. మీటరు వెనక ఒక్కో స్క్రూ మీద ఆనించాడు. చెయ్యి వణుకుతోంది. వణకనీ. ఎర్ర తీగ, లేదు. పసుపు, లేదు. నీలం, లేదు. జెస్సికా ముందుకు వంగింది. మీటరుకు ప్రాణం పోసే తీగ ఒకటి మూలన విడిగా ఉంటుంది, సన్నది, ఎవరూ పట్టించుకోనిది. దాని మీద ఆనించాడు.

దీపం వెలిగింది.

"ఆగు!"

ఆ గొంతు ఎవరిదో అతనికి ఒక క్షణం తెలియలేదు. జెస్సికా చెయ్యి వెనక్కి లాక్కుంది. వసారాలోంచి చాయ్ గ్లాసులు తీసుకుని లోపలికి వస్తున్న రూప్లా గుమ్మంలోనే బిగుసుకుపోయాడు. మళ్లీ ఆనించాడు, మళ్లీ వెలిగింది. గోడ ప్లగ్గులో మళ్లీ చూశాడు, టెస్టరుది తప్పేం లేదు. "రూప్లా, ఈ సన్న వైరు ఎక్కడికెల్లి వస్తుంది?" రూప్లా గ్లాసులు కింద పెట్టి తల గోక్కున్నాడు. "నిరుడు ప్యానెల్ బాగుజేయనీకె ఎవరో కాంట్రాక్టోళ్లు వచ్చిన్రు సార్. వాళ్లే, లైట్ల బోర్డుకెల్లి ఏదో గుంజిన్రు." లైట్ల బోర్డు వేరే లైను. మెయిన్ దించినా అది బతికే ఉంటుంది. ఆ చిన్న స్విచ్ ఎక్కడుందో వెతికి, దించి, దానికీ తాళం వేశారు. మోయిజ్ మళ్లీ మొదటినుంచి చూశాడు, ప్లగ్గు, ఎర్ర, పసుపు, నీలం, సన్నది, మళ్లీ ప్లగ్గు. ఇప్పుడు ప్యానెల్‌లో ఎక్కడా ఏమీ లేదు. చూడటం పూర్తయ్యాక గమనించాడు, చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది, ఆ వణుకుతున్న చెయ్యే ఆ తీగ సంగతి కనిపెట్టింది. ఇన్నాళ్లూ భయం పోయాకే ఈ గదుల్లోకి రావాలనుకున్నాడు. భయం ఎక్కడికీ పోలేదు. అతనితోపాటే వచ్చి, పక్కన నిలబడి, మూలన ఉన్న సన్నతీగను కూడా చూడమంది.

జెస్సికా ముఖం పాలిపోయి ఉంది. స్క్రూడ్రైవరును తిప్పి, పిడి అతని వైపు ఉండేలా పట్టుకుని చాపింది. మోయిజ్ తీసుకున్నాడు. కరెంటు కొలిచే తీగలను ముందు ఒకదానికొకటి కలిపి బంధించాలి, తర్వాతే విప్పాలి, అవి తెగి ఉండగా పంపు నడిచిందంటే మనిషిని బతకనివ్వనంత వోల్టేజీ పుడుతుంది. ఆ బంధం బిగించాడు, లాగి చూశాడు, జెస్సికాను కూడా లాగి చూడమన్నాడు. ఒక్కో స్క్రూ. రెండు వేళ్లకు స్క్రూ తెలియదు, మిగతా వాటికి తెలుసు. రిఫరెన్స్ మీటరును వరసలో కలిపాడు, బంధం తీశాడు, తలుపు మూశాడు, ఇద్దరినీ వెనక్కి జరగమన్నాడు, తాళాలు తీశాడు. "రూప్లా, వెయ్యనా?" అని అడిగాడు. "వెయ్యుండ్రి సార్," అన్నాడు రూప్లా. "జెస్సికా, వెయ్యనా?" "వెయ్యన్నా." అప్పుడు వేశాడు.

పంపు లేచింది. నేల అదిరింది. వాల్వు కొంచెం తెరిచి ఒకసారి, సగం తెరిచి ఒకసారి, పూర్తిగా తెరిచి ఒకసారి, మోయిజ్ చదువుతుంటే జెస్సికా రాసుకుంది. మొదటి వరసలోనే అర్థమైంది గానీ చివరిదాకా చదివాడు, ఎక్కడా దేన్నీ ముట్టుకోకుండా, ఉన్నది ఉన్నట్టు. పంపు తాగుతున్న దానికన్నా ప్యానెల్ మీటరు బాగా తక్కువ చూపిస్తోంది, ప్రతిచోటా, ఒకే తీరున. ఇందాక తలుపు తెరిచినప్పుడు కాయిల్స్ మీద చూసిన అంకెకూ మీటరులో ఉన్న అంకెకూ పొత్తు లేదు. నిరుడు ఆ కాంట్రాక్టు వాళ్లు కరెంటు కొలిచే కాయిల్స్ మార్చి, మారిన సంగతి మీటరులో సెట్ చెయ్యకుండా పోయారు. మీటరు పాత లెక్కే చెబుతూ వచ్చింది. ఇంకా సందుంది, ఇంకా సందుంది అని. రూప్లా నమ్మి వాల్వు తెరిచాడు.

"అంటే నేను కాల్చలే గదా సార్?"

"నువ్వు కాల్చలే. అది నీకు తక్కువ చెప్పింది, నువ్వు దాని మాట విన్నవు. అంతే. ఇదే రాసిస్తం, మా ఇద్దరి సంతకాలతోని."

రూప్లా ఫోను తీసి సక్రికి కలిపాడు, కలిపి, ఆమె హలో అంటుంటే మాట్లాడలేక ఫోనును అలాగే చెవి దగ్గర పట్టుకుని గోడవైపు తిరిగాడు. జెస్సికా మీటరు సెట్టింగు సరిచేసింది. మళ్లీ మూడు చోట్లా కొలిచారు, ఇప్పుడు రెండు మీటర్లూ ఒకే మాట చెప్పాయి. పంపు ఆపి, తాళాలు వేసి, మళ్లీ అన్నీ చూసి, తీగలు విప్పారు. చల్లారిన చాయ్‌ను ముగ్గురూ అలాగే తాగారు. వాన వెలిసి, ఆకుల మీది నీళ్లు మాత్రం కారుతున్నాయి.

చివరికి మీటరు మీద అంటించే చీటీ మిగిలింది. ఇవాళ్టి తారీఖు, కింద మళ్లీ చూడాల్సిన తారీఖు, పక్కన చూసిన మనిషి పొడి అక్షరాలు. జెస్సికా పెన్ను ఇచ్చింది. కుడిచేత్తో రాశాడు, అక్షరాలు కొంచెం వంకరగా వచ్చాయి. అంటించి, ఆ చీటీ అంచులను వేలితో వత్తుతుంటే రూప్లా వెనకనుంచి తొంగి చూశాడు.

"ఏందది సార్, కింద రాసింది?"

"వచ్చే ఏడు మళ్లీ చూడాలె. అప్పటి తారీఖు."

"అప్పుడు ఎవరొస్తరు సార్?"

"నేనే వస్తా," అన్నాడు మోయిజ్. అన్నాక గానీ తను ఏమన్నాడో అతనికి వినపడలేదు.